రెండు మైక్రాన్ల రాయి



ఒక రాయి ముక్క ఇచ్చి, ఇందులో ఏ మూలకం ఎంతుందో చెప్పండి అని అడిగితే ఈ రోజుల్లో ప్రయోగశాలలు ఎక్కువగా ప్లాస్మా యంత్రం దగ్గరికే వెళతాయి. పనిచేసేవాళ్లు దాన్ని పొట్టిగా ఐసీపీ అంటారు. కోటి రూపాయలు దాటే ఐసీపీలూ ఉన్నాయి. అది ఎంత గొప్పదో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. దానికి అందించే రాతిపొడిని ఎవరు నూరారు, ఎంత మెత్తగా నూరారు, దేనితో నూరారు అని అడిగేవాళ్లు తక్కువ. ఫలితం నిలిచేదీ, పడిపోయేదీ ఆ నూరుడు దగ్గరే అని నా గట్టి నమ్మకం. ఈ పూట ఆ సంగతే చెబుతాను.

ముందుగా ప్లాస్మా. ఒకదానిలో ఒకటి అమర్చిన మూడు క్వార్ట్జ్ గొట్టాలు, వాటి కొసన చుట్టిన రాగి గొట్టం. లోపల నిమిషానికి సుమారు 15 లీటర్ల ఆర్గాన్ వాయువు పారుతుంది. ఆ రాగిచుట్టలోకి 27.12 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంతో ఒకటి, ఒకటిన్నర కిలోవాట్ల శక్తి పంపిస్తారు. అంటే అదీ రేడియో తరంగమే. మీ రేడియోలో గరగర రాకుండా ఉండటానికి పరిశ్రమలకు, విజ్ఞానశాస్త్ర పనులకు, వైద్యానికి కొన్ని పౌనఃపున్యాలను అంతర్జాతీయ ఒప్పందంతో విడిగా ఉంచారు, 27.12 వాటిలో ఒకటి. ఒక్క నిప్పురవ్వతో ఆర్గాన్‌లో కొన్ని ఎలక్ట్రాన్లు విడివడతాయి. రేడియో క్షేత్రం వాటిని ఊపుతుంది, అవి ఇతర పరమాణువులను గుద్దుతాయి, మరిన్ని ఎలక్ట్రాన్లు ఊడతాయి. రెప్పపాటులో తెల్లటి జ్వాల నిలబడుతుంది. అదే ప్లాస్మా. జ్వాల అన్నాను గానీ అక్కడ ఏదీ మండటం లేదు. ఆర్గాన్ మండే వాయువు కాదు. దాని వేడి 6 వేల నుంచి 10 వేల కెల్విన్ల దాకా ఉంటుంది. సూర్యుడి ఉపరితలం వేడి 5,800 కెల్విన్ల దగ్గర ఉంటుందని గుర్తుంచుకుంటే ఇది ఎంతటిదో తెలుస్తుంది.

ఈ వేడిలో పడ్డ ఏ పదార్థమైనా పరమాణువులుగా విడిపోతుంది. ప్రతి మూలకం తనదైన రంగుల్లో వెలుగుతుంది. ఆ వెలుగును చదివి లెక్క చెప్పడం ఒక పద్ధతి. ఇంగ్లండులో స్టాన్లీ గ్రీన్‌ఫీల్డ్ 1964లో, అమెరికాలోని అయోవా రాష్ట్రంలో వెల్మర్ ఫాసెల్ 1965లో ఈ దారి వేశారు. విద్యుదావేశం పొందిన పరమాణువులను ద్రవ్యరాశిని బట్టి వేరుచేసి లెక్కపెట్టడం ఇంకో పద్ధతి. శామ్యూల్ హౌక్, ఫాసెల్, అలన్ గ్రే మొదలైనవారు 1980లో దాన్ని లోకానికి చూపించారు. నూరు కోట్ల పాళ్లలో ఒక పాలు ఉన్న మూలకాన్ని కూడా ఇది పట్టుకుంటుంది.

అంతా బాగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, ఈ యంత్రాన్ని ద్రవాల కోసం తయారుచేశారు. ఉబ్బసం ఉన్నవాళ్లకు మందును ఆవిరిలా పట్టించే నెబ్యులైజర్ మీరు చూసే ఉంటారు. ఐసీపీ ముందు కూడా నెబ్యులైజరే ఉంటుంది. అది ద్రావణాన్ని తుంపరగా మారుస్తుంది. ఆ వెనక ఉన్న చిన్న గది పెద్ద బిందువులను ఆపేసి, సుమారు పది మైక్రాన్ల లోపు వాటినే ముందుకు వదులుతుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పీల్చుకున్న ద్రావణంలో ప్లాస్మా చేరేది నూటికి ఒకటి రెండు పాళ్లే, మిగిలిందంతా కాలువ పాలు. కాబట్టి రాతిని చూడాలంటే ముందు దాన్ని కరిగించి నీళ్లలా చెయ్యాలి.

రాయి కరగడం తేలిక కాదు. భూమిలోని రాళ్లలో ఎక్కువ భాగం సిలికేట్లు. వాటిని కరిగించేది హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, అదే గాజును కూడా తినేస్తుంది. పలచనిది చర్మం మీద పడితే వెంటనే మంట తెలియకపోవచ్చు. లోపలికి దిగి ఒంట్లోని కాల్షియాన్ని పట్టుకుంటుంది, ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఆ ఆమ్లం వాడే గదిలో కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే చోట ఉండి తీరాలి. అంత సాహసం చేసినా కొన్ని ఖనిజాలు లొంగవు. భీమిలి, కళింగపట్నం తీరాల బరువైన ఇసుకలో దొరికే జిర్కాన్‌ను చూడండి. మామూలుగా గిన్నెలో ఆమ్లం పోసి వేడి చేస్తే అది చెక్కుచెదరదు. టెఫ్లాన్ గిన్నెను ఉక్కు తొడుగులో బిగించి, 200 డిగ్రీల దాకా వేడిచేసి రోజుల తరబడి ఉంచాలి, లేదంటే క్షారంతోనో, లిథియం బోరేట్‌తోనో కొలిమిలో కరిగించాలి. మంగంపేట ముగ్గురాయి, అంటే బేరియం సల్ఫేట్, మామూలు ఆమ్లాలకు దాదాపు కరగదు. కరిగిన రాళ్లతోనూ ఇబ్బందులున్నాయి. సిలికాన్ వాయువుగా మారి ఎగిరిపోతుంది. అరుదైన మృత్తికా మూలకాలు ఫ్లోరైడ్లుగా అడుగున పేరుకుంటాయి. ఆమ్లాల్లో ఉన్న మలినాలు లెక్కలోకి వచ్చి చేరతాయి. బోరేట్‌తో కరిగిస్తే అంత ఉప్పును యంత్రం భరించలేదు కనుక ఎంతో నీరు కలపాలి, దాంతో అతి తక్కువగా ఉన్న మూలకాలు కనపడకుండా పోతాయి.

మరి పొడిని పొడిగానే ప్లాస్మాలోకి పంపితే?

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. నిజానికి ఈ రకం ప్లాస్మాకు మొదట అందినది పొడే. 1961లో అమెరికాలో థామస్ రీడ్ ఈ ప్లాస్మాను నిలిపే గొట్టాల అమరిక, అంటే టార్చి, తయారుచేసి, వేడికి అంత తేలికగా కరగని పదార్థాల పొడిని అందులోంచి రాల్చి స్ఫటికాలు పెంచాడు. విశ్లేషణ కోసం ద్రావణాలతోపాటు పొడులను కూడా పంపి చూసినట్టు హోర్, మోస్టిన్ 1967లోనే ప్రకటించారు. అయితే ఆర్గాన్‌తో పొడిని ఊదడం పైకి కనిపించినంత సులువు కాదు. పొడి ఒక్క తీరుగా కదలదు. ఒక క్షణం ముద్దగా వస్తుంది, మరుక్షణం ఏమీ రాదు. రేణువులకు విద్యుదావేశం పట్టి గొట్టాల గోడలకు అతుక్కుంటాయి. పెద్ద రేణువులు దారిలోనే రాలిపోతాయి, సన్నవి ముందుకు సాగుతాయి. ఒక నిమిషంలో వచ్చిన పొడికీ, మరో నిమిషంలో వచ్చిన పొడికీ పోలిక ఉండదు.

అందుకని మధ్యేమార్గం ఒకటి పుట్టింది. పొడిని కరిగించరు, నీళ్లలో తేలేలా కలుపుతారు. దీన్ని స్లర్రీ అంటారు. రాయి రాయిలాగే ఉంటుంది, ప్రయాణం మాత్రం నీటి బిందువులో చేస్తుంది. ఇంగ్లండులోని ప్లిమత్‌లో లెస్ ఎబ్డన్, ఆయన సహచరులు 1980లలో దీనిమీద ఓపికగా పనిచేశారు. వాళ్ల ఊరికి దగ్గర్లోనే పింగాణి మట్టి గనులు ఉన్నాయి. ఆ మట్టి పుట్టుకతోనే సన్నం. దానితో వాళ్లు తేల్చిన విషయాన్ని ఈ రంగంలోకి వచ్చే ప్రతి విద్యార్థీ మొదటి రోజే నేర్చుకోవాలి. రేణువు సైజు సుమారు రెండు, మహా అయితే మూడు మైక్రాన్లు దాటకూడదు. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది. ప్రయోగశాలల్లో మామూలుగా వాడే 200 మెష్ జల్లెడ కన్నం 75 మైక్రాన్లు. ఆ జల్లెడ దిగిన పొడిని చేత్తో ముట్టుకుంటే మెత్తగానే ఉంటుంది. స్లర్రీకి మాత్రం అది ఇంకా బండరాళ్ల కుప్పే.

ఎందుకు రెండు మైక్రాన్లు? దీనికి కారణాలు ఒకటి కాదు. బిందువు పది మైక్రాన్ల లోపుంటేనే ప్లాస్మా దాకా వెళ్తుందని చెప్పాను కదా. ఆ బిందువులో ఇరవై మైక్రాన్ల రాయి పట్టదు. పెద్ద రేణువు పెద్ద బిందువులో పడి కాలువలోకి పోతుంది. ఇక కాస్త పెద్ద రేణువు ఎలాగో ప్లాస్మా చేరినా, దాని గుండా దూసుకుపోవడానికి పట్టే కాలం సెకనులో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే. పది వేల డిగ్రీల వేడి ఉంటేనేం, రేణువు పైపొర ఆవిరయ్యేలోపు లోపలి భాగం అవతలికి వెళ్లిపోతుంది. అప్పుడు యంత్రం చదివేది రాయిని కాదు, రాయి పెచ్చును.

మూడో కారణం నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. దానికి చిన్న లెక్క ఉంది, కాగితం దగ్గరుంటే రాసుకోండి. లీటరు నీటిలో ఒక గ్రాము పొడి కలిపామనుకుందాం. నెబ్యులైజర్ నిమిషానికి ఒక మిల్లీలీటరు పీలుస్తుంది, అందులో ఒక మిల్లీగ్రాము పొడి ఉంటుంది. నూటికి ఒక పాలు లెక్కన ప్లాస్మా చేరేది పది మైక్రోగ్రాములు. ఆ పొడి రెండు మైక్రాన్ల క్వార్ట్జ్ రేణువులైతే అవి సుమారు 9 లక్షలు. ఇరవై మైక్రాన్లవైతే, అవన్నీ ఎలాగో చేరాయనుకున్నా, 900 మాత్రమే. ఇప్పుడు ఆ రాతిలో వెయ్యి రేణువులకు ఒక జిర్కాన్ ఉందనుకోండి. సన్నగా నూరినప్పుడు నిమిషంలో 900 జిర్కాన్ రేణువులు యంత్రం కంటపడతాయి. ముతకగా ఉన్నప్పుడు ఒక్కటి పడుతుంది, లేదా ఒక్కటీ పడదు, లేదా రెండు పడతాయి. జిర్కోనియం విలువ సున్నా నుంచి రెండింతల దాకా ఊగుతుంది. ఇందులో యంత్రం తప్పేమీ లేదు. యంత్రం ఎంత మంచిదైనా ఈ ఊగులాటను ఆపలేదు.

బంగారం విషయంలో ఇది మరీ ఘోరం. పది లక్షల పాళ్లలో ఒక పాలు బంగారం ఉన్న ఖనిజాన్ని తీసుకోండి, గ్రాము పొడిలో ఒక మైక్రోగ్రాము. ఆ బంగారమంతా ఒకే గుండ్రటి రేణువుగా ఉంటే దాని వ్యాసం 46 మైక్రాన్లు. 200 మెష్ జల్లెడలోంచి హాయిగా దిగిపోతుంది. మీరు తీసిన చిటికెడులో ఆ రేణువు వస్తే బంగారు గని, రాకపోతే వట్టి రాయి. ఇంకా సన్నగా నూరుదామంటే బంగారం నలగదు, రేకులా సాగి రోలుకు అంటుకుంటుంది. అందుకే బంగారానికి స్లర్రీ పద్ధతి వద్దని నిష్కర్షగా చెబుతాను. ముప్పై, యాభై గ్రాముల పొడి తీసుకుని సీసంతో కొలిమిలో కరిగించే పాత పరీక్షే దానికి దారి.

ఇక నూరడం. రెండు మైక్రాన్లకు పొడి తేవాలంటే పొడిగా నూరితే కుదరదు, తడిగా నూరాలి. ప్లాస్టిక్ సీసాలో పొడి, కాసిని నీళ్లు, గట్టి జిర్కోనియా పూసలు వేసి గంటల తరబడి ఊపడం అందరికీ అందుబాటులో ఉన్న పద్ధతి. ఇంత ఓపికగా నూరడం మనకు కొత్త కాదు. మన రసవైద్యులు భస్మాన్ని కల్వంలో నూరి, పుటం పెట్టి, మళ్లీ నూరి, చివర రెండు పరీక్షలు చేసేవారు. చిటికెడు భస్మం వేళ్ల మధ్య రుద్దితే చర్మం గీతల్లోకి ఇంకిపోవాలి, దానికి రేఖాపూర్ణం అని పేరు. కదలని నీటి మీద చల్లితే తేలాలి, అది వారితరం. సన్నదనాన్ని చూడనిదే మందును మందు అనకపోవడం నాకెంతో గౌరవం కలిగించే సంగతి. ఇవాళ ఆ భస్మాల్లో సీసం, పాదరసం ఎంతున్నాయో చూసేందుకు కూడా ప్లాస్మా యంత్రాలే వాడుతున్నారు.

నూరేటప్పుడు పొడి మాత్రమే అరగదు, నూరే పాత్ర కూడా అరుగుతుంది. అగేటు రోలు వాడితే సిలికా చేరుతుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ మిల్లు వాడితే టంగ్‌స్టన్‌తోపాటు కోబాల్టు వచ్చి పడుతుంది. గట్టి ఉక్కు అయితే ఇనుము, క్రోమియం. జిర్కోనియా పూసలు వాడితే జిర్కోనియం, దాని వెన్నంటి ఉండే హాఫ్నియం. ఇది చిన్న విషయమనుకోకండి. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ జిర్కాన్ ఇసుక నుంచి అణు రియాక్టర్లకు జిర్కోనియం తయారుచేస్తుంది. హాఫ్నియం న్యూట్రాన్లను మింగేస్తుంది కనుక ఆ జిర్కోనియంలో అది పది లక్షల పాళ్లలో వంద పాళ్లు దాటకూడదు. అలాంటి చోట హాఫ్నియం చూడాల్సిన నమూనాను జిర్కోనియా పూసలతో నూరితే జరిగే నష్టం మీరే ఊహించుకోవచ్చు. ఏ మూలకం చూడాలో తెలియకుండా ఏ రోలు వాడాలో నిర్ణయించకూడదు. నూరిన తర్వాత, రోలు నుంచి ఎంత వచ్చిందో తెలుసుకోవడానికి శుద్ధమైన క్వార్ట్జ్‌ను అదే రోలులో అంతే సేపు నూరి దాన్నీ పరీక్షించాలి.

నూరిన పొడి నీళ్లలో ఎంతసేపు నిలుస్తుంది? ఇరవై మైక్రాన్ల క్వార్ట్జ్ రేణువు నీటిలో సెంటీమీటరు కిందికి దిగడానికి అర నిమిషం కూడా పట్టదు. రెండు మైక్రాన్లదైతే ముప్పావు గంట పడుతుంది. కొలత ముగిసే దాకా అది చాలు. కాకపోతే సన్నటి రేణువులు ఒకదానికొకటి అంటుకుని మళ్లీ ముతకవి అయిపోతాయి. అవి ఒకదాన్నొకటి నెట్టుకునేలా వాటి ఉపరితలం మీద ఒకే రకం ఆవేశం ఉంచాలి. సిలికా ఎక్కువున్న పొడికి కొంచెం అమ్మోనియా కలిపి నీటిని క్షారంగా ఉంచితే సరిపోతుంది. అల్యూమినా ఇందుకు భిన్నం, దానికి కొద్దిగా ఆమ్లం కలిసిన నీరు నప్పుతుంది. సోడియం ఫాస్ఫేట్ల జాతి మందులు బాగానే పనిచేస్తాయి గానీ వాటిలోని సోడియం యంత్రం మూతిదగ్గర పేరుకుంటుంది, సోడియం లెక్క కూడా పోతుంది. వీలున్నచోట అమ్మోనియాకే నా ఓటు. కొలిచే ముందు అల్ట్రాసోనిక్ తొట్టిలో కాసేపు కదిలించాలి, నెబ్యులైజర్ కూడా సన్నటి కన్నం ఉన్నది కాకుండా వెడల్పాటి గాడి ఉన్నది వాడాలి, లేకపోతే పూడుకుపోతుంది.

ఇవన్నీ సరిగ్గా చేస్తే దక్కే లాభం పెద్దది. రేణువు బిందువులాగే ప్రయాణించి పూర్తిగా ఆవిరైతే, యంత్రాన్ని మామూలు ద్రావణాలతోనే సరిచూసుకోవచ్చు. ప్రతి రాతికి దానిలాంటి ప్రామాణిక రాయి వెతుక్కునే పని తప్పుతుంది.

నీళ్లే వద్దనుకునేవాళ్లకు వేరే మార్గాలున్నాయి. గ్రాఫైటు గొట్టంలో కొద్ది మిల్లీగ్రాముల పొడి పెట్టి విద్యుత్తుతో రెండువేల డిగ్రీలకు మించి వేడిచేసి ఆ ఆవిరిని ప్లాస్మాకు పంపడం ఒకటి. ఆకులు, ధాన్యం, బొగ్గు వంటి వాటికి ఇది చక్కగా పనికొస్తుంది, సేంద్రియ పదార్థాన్ని ముందు తక్కువ వేడిలో మాడ్చి తోలెయ్యవచ్చు. జిర్కోనియం, యురేనియం లాంటివి గ్రాఫైటుతో కలిసి కార్బైడ్లుగా మొండికేస్తాయి. అప్పుడు ఫ్రియాన్ జాతి వాయువు కొంచెం వదిలితే అవి క్లోరైడ్లు, ఫ్లోరైడ్లుగా మారి ఎగురుతాయి.

లేజరు కథ వేరు. అలన్ గ్రే 1985లో ఘనపదార్థాన్ని లేజరుతో కొట్టి, రేగిన సన్నటి దుమ్మును ఆర్గాన్‌తో ప్లాస్మాకు పంపాడు. ఇప్పుడు 193 నానోమీటర్ల అతినీలలోహిత లేజర్లు వచ్చాయి, నమూనా ఉన్న గదిలో హీలియం వాడుతున్నారు. ఒకే జిర్కాన్ స్ఫటికంలో ఇక్కడ, అక్కడ అని చోటు చూసి కొట్టి వయసు లెక్కగట్టగలుగుతున్నారు. స్ఫటికాలను చూసేవాళ్లకు ఇది వరం. మొత్తం రాతి సగటు కావాలంటే మాత్రం పొడిని బిళ్లగా నొక్కి లేజరుతో కొట్టాలి. లేజరు మచ్చ వెడల్పు యాభై, వంద మైక్రాన్లు. బిళ్లలో ముతక రేణువులుంటే లేజరు ఒకచోట ఫెల్డ్‌స్పార్‌ను, ఇంకోచోట క్వార్ట్జ్‌ను కొడుతుంది. 2014లో జర్మనీ శాస్త్రవేత్తలు గార్బె–షోన్‌బెర్గ్, మ్యూలర్ దీనికి చూపిన దారి ఏమిటో తెలుసా? రాతిని తడిగా, మైక్రాను స్థాయికి నూరడం. అంత సన్నటి పొడి ఏ జిగురూ లేకుండా బిళ్లగా గట్టిపడుతుంది, ఎక్కడ కొట్టినా ఒకే రాయి. లేజరు అంతదూరం వెళ్లి మళ్లీ కల్వం దగ్గరికే వచ్చింది.

హైదరాబాదులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అణు ఖనిజాల డైరెక్టరేటు వంటి పెద్ద ప్రయోగశాలలు ఉన్నాయి. అక్కడ ఆమ్లాలకు, కొలిములకు ఏర్పాట్లుంటాయి. నా మనసు మాత్రం జిల్లా కేంద్రాల్లోని కళాశాలల మీద ఉంది. వెలుగును చదివే పాత ఐసీపీ ఒకటి ఉండి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడేందుకు తగిన గది లేని చోట స్లర్రీ పద్ధతి నిజంగా ఉపయోగపడుతుంది. కావలసినవి గట్టి మూత ఉన్న సీసాలు, పూసలు, ఊపే యంత్రం, సూక్ష్మదర్శిని. వీలైతే రేణువుల సైజును లేజరుతో కొలిచే పరికరం కూడా. అది ఐసీపీ ఖరీదులో చిన్న భాగానికే వస్తుంది, దాన్ని ఐసీపీ కన్నా ముందే కొనాలని నేనంటాను.

మొదలుపెట్టేవాళ్లకు ఒక నమూనా సూచిస్తాను. రామగుండం, ఇబ్రహీంపట్నం, సింహాద్రి థర్మల్ కేంద్రాల నుంచి వచ్చే బూడిద. అది సిమెంటులోకీ, ఇటుకల్లోకీ వెళ్తోంది, చెరువుల్లో నిల్వ ఉంటోంది. అందులో ఆర్సెనిక్, క్రోమియం, సీసం ఎంతున్నాయో ఆ చుట్టుపక్కల ఊళ్లకు తెలియడం అవసరం. గాజుగోళీల్లాంటి దాని రేణువులను పూర్తిగా కరిగించాలంటే మళ్లీ ఆ ప్రమాదకరమైన ఆమ్లమే కావాలి. పైగా అది ముందే చాలావరకు సన్నం, ఒక మైక్రాను నుంచి వంద మైక్రాన్ల దాకా ఉంటుంది. తడిగా నూరి రెండు మైక్రాన్లకు తేవడం రాతితో పోలిస్తే చాలా తేలిక. ప్రామాణిక బూడిద నమూనాలు బయట దొరుకుతాయి. ముందు వాటిని నూరండి. ధ్రువపత్రంలోని విలువలతో మీ విలువలు సరిపోయాక మీ ఊరి బూడిదను సీసాలోకి తీసుకోండి. నివేదికలో మూలకాల పట్టిక పక్కనే రేణువుల సైజు, నూరిన పాత్ర, నూరిన కాలం కూడా రాయండి.